గ్యాంట్రీ ఒక చివర పట్టేస్తుంటే: ఇంటి సీఎన్‌సీ రౌటర్‌లో తప్పు వెతికే క్రమం

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఇంట్లో కట్టుకున్న 600×900 మి.మీ. రౌటరు, అంటే కంప్యూటరు చెప్పినట్టు కదిలి చెక్క కోసే మెషీను. అల్యూమినియం ప్రొఫైలు ఫ్రేము, పొడవు వైపు కదలిక, అంటే వై యాక్సిస్‌కి రెండు పక్కలా హెచ్‌జీఆర్15 రైళ్లు (జారే ఉక్కు పట్టాలు), రెండు ఎస్‌ఎఫ్‌యూ1605 బాల్ స్క్రూలు (16 మి.మీ. మర కడ్డీ, దాని మీద ఉక్కు గుండ్లతో నడిచే నట్టు), 2.8 ఆంపియర్ల నీమా 23 స్టెప్పరు మోటార్లు, డీఎం542 డ్రైవర్లు, 36 వోల్టుల సప్లై, ఆర్డ్యునో యూనో బోర్డు మీద మోటార్లను నడిపే ప్రోగ్రాము జీఆర్‌బీఎల్. కట్టరును మోస్తూ రైళ్ల మీద నడిచే అడ్డ చట్రం, అదే గ్యాంట్రీ, మధ్యలో బాగానే నడుస్తోంది. మోటార్ల వైపు చివరి 100 మి.మీ.లోకి రాగానే గుర్రుమని పట్టేసి స్టెప్పులు తప్పుతోంది, అంటే మోటారు చెప్పినంత తిరగకుండా వెనకబడుతోంది. డ్రైవరు కరెంటు 4.2 ఆంపియర్లకు పెంచి చూశారు. మోటార్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కాయి తప్ప ఫలితం లేదు.

ముందు ఆ కరెంటు స్విచ్చులు 2.84 మెట్టుకు దించేయండి. 4.2 దగ్గర మోటారు చుట్టల్లో వేడి రెట్టింపు దాటుతుంది. పైగా మీకున్నది బలం చాలని సమస్య కాదు. లెక్క చూడండి. 1605 స్క్రూ చుట్టుకు 5 మి.మీ. నడుస్తుంది. మోటారు ఒక్క న్యూటన్ మీటరు టార్కు ఇచ్చినా, 90 శాతం సామర్థ్యంతో నట్టు దగ్గర దాదాపు 1130 న్యూటన్లు, అంటే 115 కిలోల తోపుడు వస్తుంది. అదీ ఒక్కో పక్కన. పదిహేను ఇరవై కిలోల గ్యాంట్రీని మంచి రైళ్ల మీద కదపడానికి కిలో, మహా అయితే రెండు కిలోల బలం చాలు. అంత తోపుడుకీ లొంగట్లేదంటే బాగున్న భాగాలే ఒకదాన్నొకటి లాక్కునేలా బిగించి ఉన్నాయన్నమాట. ఇంటి మెషీన్లలో పట్టేయడానికి కారణం చాలావరకు ఇదే. భాగం చెడిపోయి పట్టేయడం అరుదు. కరెంటు పెంచితే ఆ పెనుగులాట ఇంకాస్త గట్టిగా జరుగుతుంది, బాల్ నట్టు గాడిలో గుండ్లు గీతలు పెడతాయి, అంతే.

విప్పే ముందు ఒక చిన్న పరీక్ష. నిమిషానికి 200 మి.మీ. వేగంతో వై మొత్తం పొడవునా ఒకసారి నడపండి, తర్వాత 2500తో నడపండి. నెమ్మదిగా నడిపినప్పుడు కూడా అదే చోట మూలిగితే మెకానికల్ తప్పే, సందేహం అక్కర్లేదు. నెమ్మదిగా హాయిగా పోయి, వేగంలోనే ఆగితే అప్పుడు యాక్సిలరేషన్, వోల్టేజి, వైరింగు వైపు చూడాలి. స్టెప్పరు మోటారుకు వేగం పెరిగేకొద్దీ టార్కు పడిపోతుంది కాబట్టి చిన్న మెకానికల్ బిగువు కూడా వేగంలోనే బయటపడవచ్చు. అందుకని రెండో ఫలితం వచ్చినా కింది చేతి పరీక్ష మానకండి.

ఎక్కడ పట్టేస్తోందన్నదే సగం జవాబు. ప్రతిసారీ ఒకే చివర పట్టేస్తే ఆ చివర స్క్రూ, రైలు ఒకే వరసలో లేవు. రెండు చివర్లా పట్టేసి మధ్యలో వదులైతే నట్టు బ్రాకెట్టు ఎత్తో పక్క దూరమో తప్పు. ఒక చివర నుంచి రెండో చివరకు క్రమంగా బిగుస్తూ పోతే రైళ్లు సమాంతరంగా లేవు. సరిగ్గా 5 మి.మీ.కి ఒకసారి బిగుసుకుని వదులుతుంటే అది స్క్రూ చుట్టుతో పాటు తిరిగే తప్పు, అంటే స్క్రూ చివర వంకర, కప్లింగు (మోటారు షాఫ్టును స్క్రూకు కలిపే ముక్క), లేదా బేరింగు కూర్చున్న తీరు. వెళ్లేటప్పుడు బాగుండి వచ్చేటప్పుడు పట్టేస్తే రెండు పక్కల మోటార్లు కలిసి నడవట్లేదేమో చూడాలి. ఎప్పుడు, ఎక్కడ ఆగుతుందో తెలియకుండా ఉంటే వైరు, ప్లగ్గు, రైలు మీద పేరుకున్న పొట్టు.

మీది మొదటి రకం. మోటారు వైపున ఉండేది బీకే12, స్క్రూ చివరను గట్టిగా పట్టుకునే బేరింగు దిమ్మ. మధ్యలో వదులుగా ఉండి అక్కడ పట్టేయడం ఎందుకో చూద్దాం. నట్టు గ్యాంట్రీకి బిగించి ఉంది, గ్యాంట్రీ రైలు ఎటు తీసుకెళితే అటు పోతుంది. స్క్రూ ఆ దారికి అర మిల్లీమీటరు పక్కన ఉందనుకోండి. నట్టు మధ్యలో ఉన్నప్పుడు 900 మి.మీ. పొడవున్న 16 మి.మీ. స్క్రూ సులువుగా వంగి ఆ అర మిల్లీమీటరు సర్దుకుంటుంది, పక్కకు పడే బలం కిలో లోపు. బేరింగుకు 100 మి.మీ. దూరంలోకి వస్తే అదే అర మిల్లీమీటరుకు ఆరు కిలోలు. 50 మి.మీ.లోకి వస్తే 22 కిలోలు. ఇది రెండు చివరలూ వదులుగా ఆనుకుని ఉన్నాయనుకుని వేసిన లెక్క. బీకే బిగింపు వల్ల అసలు బలం ఇంకా ఎక్కువే ఉంటుంది. బాల్ నట్టు అక్షం వెంబడి బరువు మోయడానికి చేసింది, పక్కకు నెడితే, ఇంకా ఘోరంగా కొద్దిగా వాల్చితే, గుండ్లు తిరగడం మాని రాసుకుంటాయి. ఆ గుర్రు అదే.

ఇప్పుడు విప్పుదాం. కరెంటు పూర్తిగా ఆపండి. కరెంటు ఉండగా మోటారు ప్లగ్గు పీకితే డ్రైవరు పోతుంది, ఇది గుర్తుంచుకోండి. కరెంటు ఆపాక కూడా మోటారు తగిలించి ఉండగా గ్యాంట్రీని చేత్తో జోరుగా నెట్టకండి. మోటారు జనరేటరై డ్రైవరులోకి వోల్టేజి పంపుతుంది. రెండు పక్కలా కప్లింగు గ్రబ్ స్క్రూలు (తల లేని చిన్న బిగింపు మరలు) బాల్ స్క్రూ వైపున వదులు చేయండి. తర్వాత గ్యాంట్రీ నుంచి రెండు నట్టు బ్రాకెట్ల బోల్టులూ తీసేయండి. నట్టును స్క్రూ మీదే ఉంచండి. పొరపాటున కూడా స్క్రూ చివర దాటి నడపకండి, గుండ్లు రాలిపోతాయి. తీయాల్సి వస్తే గాడి లోతు వ్యాసం కంటే కాస్త సన్నని ప్లాస్టిక్ గొట్టం చివరకు ఆనించి నట్టును దాని మీదికి జరపాలి. రైలు మీద జారే బ్లాకులకు కూడా ఇదే జాగ్రత్త, వాటితో వచ్చిన ప్లాస్టిక్ పట్టీ పారేయకుండా దాచుకోండి.

గ్యాంట్రీ ఇప్పుడు రైళ్ల మీద ఒంటరిగా ఉంది. చేత్తో తోసి "ఫ్రీగానే ఉంది" అనుకోవద్దు. పదిహేను కిలోల వస్తువును తోస్తున్న చేతికి కిలో తేడా తెలియదు. సామాను తూచే కొక్కెం త్రాసు, ప్రయాణాల్లో పెట్టె బరువు చూసుకునే డిజిటల్‌ది, చాలు. గ్యాంట్రీ మధ్యలో ఒక తాడు కట్టి, త్రాసు తగిలించి, నిదానంగా సమవేగంతో లాగుతూ ప్రతి 100 మి.మీ.కి అంకె రాసుకోండి. రెండు వైపులా లాగండి. హెచ్‌జీ15 బ్లాకు ఒక్కోదాని సీళ్లకే వంద గ్రాములు పైచిలుకు పడుతుంది కాబట్టి నాలుగు బ్లాకులకు అర కిలో సహజం. గ్రీజు, ప్రీలోడు (ఆట లేకుండా ముందే ఇచ్చే బిగువు) కలుపుకుని కిలో వరకు ఉన్నా ఫర్వాలేదు. అంకె ఎంతన్నది పెద్ద విషయం కాదు, పొడవునా అది ఎంత నిలకడగా ఉందన్నదే విషయం. 0.8, 0.8, 0.9, 0.8 అని వస్తే రైళ్లు బాగున్నట్టు. 0.8, 1.1, 1.9, 3.5 అని ఎక్కుతుంటే స్క్రూల జోలికి పోకముందే రైళ్ల పని ఉంది.

అంకె అంతటా నిలకడగా ఉంటే రైళ్ల గురించి కింద రాసింది వదిలేసి స్క్రూల దగ్గరికి వెళ్లండి. మీరు చెప్పిన లక్షణాల్ని బట్టి అదే జరుగుతుందనిపిస్తోంది. కానీ ప్రొఫైలు ఫ్రేముల్లో రైళ్లు అచ్చంగా కుదిరి ఉండటం అరుదు, అందుకే అదీ చెబుతున్నాను.

రైళ్ల పని

రెండు రైళ్లనూ ఒకేసారి సరిచేయాలని చూస్తే తెమలదు. ఒకటి పెద్దది, అంటే ఆధారంగా పెట్టుకునేది, రెండోది దాన్ని అనుసరించేది. పెద్ద రైలుని మంచి స్ట్రెయిట్ ఎడ్జి (అంచు తిన్నగా ఉన్న ఉక్కు బద్ద) ఆధారంగా తిన్నగా బిగించండి. హెచ్‌జీఆర్15కి ఎం4 బోల్టులు, 60 మి.మీ.కి ఒకటి. ప్రొఫైలు గాడిలో దూర్చే టీ నట్టులతో బిగించినప్పుడు రైలు అటూ ఇటూ జరిగే చోటు ఉంటుంది, ఆ స్వేచ్ఛే ఇక్కడ అక్కరకొస్తుంది, అదే శత్రువు కూడా. అల్యూమినియం మీద 2 న్యూటన్ మీటర్లకు మించి బిగించకండి. ఎక్కువ బిగిస్తే గాడి పెదవి పైకి లేస్తుంది, రైలు దాంతోపాటు అలల్లా లేస్తుంది. మధ్య నుంచి చివర్లకు, ఒకటి విడిచి ఒకటి బిగిస్తూ పోండి.

రెండో రైలు బోల్టులన్నీ వేళ్లతో తిప్పినంత వదులుగా ఉంచి గ్యాంట్రీని దాని బ్లాకుల మీద కూర్చోబెట్టి బిగించండి. గ్యాంట్రీని ఒక చివరకు తెచ్చి, బ్లాకుకు పక్కనే ఉన్న రెండు బోల్టులు బిగించండి. రెండో చివరకు తీసుకెళ్లి అక్కడా రెండు బిగించండి. తర్వాత గ్యాంట్రీని నడిపిస్తూ, అది ఎక్కడ ఆగితే అక్కడ పక్క బోల్టు బిగిస్తూ రండి. ఇలా చేస్తే రెండో రైలు తన దూరం తానే చూసుకుంటుంది. దీన్నే తలకిందులుగా, ముందు రైళ్లు రెండూ బిగించి చివర్న గ్యాంట్రీ ఎక్కించేవాళ్లు ఎక్కువ. పట్టేసే మెషీన్లలో చాలావాటి కథ అక్కడే మొదలవుతుంది.

డయల్ గేజి (సన్నని తేడాలు సూదితో చూపే కొలత సాధనం) ఉంటే దాని మాగ్నెట్ బేసును పెద్ద రైలు బ్లాకు మీద ప్లేటు వేసి నిలబెట్టి, సూదిని రెండో రైలు పక్క ముఖానికి తాకించి పొడవునా నడపండి. ఈ సైజు రైలుకు తయారీదార్లు అడిగే సమాంతరత 0.02 మి.మీ. దాకా. ఇంటి ఫ్రేము కాస్త వంగుతుంది కాబట్టి 0.05 వరకు నడిచిపోతుంది. 0.1 దాటితే నడవదు, బ్లాకులు త్వరగా అరుగుతాయి.

పక్క దూరం కన్నా ఎక్కువమంది మర్చిపోయేది ఎత్తు, మెలిక. రెండు రైళ్ల పై ముఖాలూ ఒకే తలంలో ఉండాలి. ఫ్రేము నాలుగు మూలలకూ బిగించిన దారాలను రెండు కర్ణాల మీదుగా లాగి చూడండి, మధ్యలో రెండు దారాలూ తాకీ తాకనట్టు ఉండాలి. ఒకటి రెండోదాన్ని నొక్కుతున్నా, మధ్యలో సందు కనిపిస్తున్నా ఫ్రేము మెలితిరిగి ఉంది. ఏ దారం పైనుందో మార్చి కూడా చూడండి, దారం మందం మోసం చేస్తుంది. తేడా తీయడానికి ఫ్రేము కాళ్ల కింద షిమ్ (పలుచని రేకు ముక్క) పెట్టడం రైలు కింద పెట్టడం కన్నా మేలు. కూల్‌డ్రింక్ డబ్బా రేకు ఇంచుమించు 0.1 మి.మీ. ఉంటుంది, వంటింటి ఫాయిలు పొర 0.01 మి.మీ. పైచిలుకు. అంతకన్నా నికరమైనది కావాలంటే ఇత్తడి షిమ్ చుట్టలు సికింద్రాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల దొరుకుతాయి.

బ్లాకును గ్యాంట్రీ పక్క ప్లేటుకి బిగించే నాలుగు బోల్టుల్లో ఒకటి వదులు చేయగానే బిగువు పోతే, ప్లేటు తలం చదునుగా లేదని అర్థం. ఫీలర్ గేజితో (మందం రాసి ఉన్న పలుచని రేకుల కట్ట) సందు కొలిచి అంత షిమ్ పెట్టండి. బోల్టు బిగించి సందు మూసేయడమంటే బ్లాకును మెలితిప్పడమే.

స్క్రూల పని

నట్టు బ్రాకెట్టు గ్యాంట్రీకి తగిలించకుండానే స్క్రూని వేళ్లతో తిప్పండి. బీకేకీ, రెండో చివర ఉండే బేరింగు దిమ్మ బీఎఫ్‌కీ మధ్య అది సిల్కులా తిరగాలి, ఎక్కడా ఆగకూడదు. తిరగకపోతే తప్పు అక్కడే. బీకే12 లోపల యాంగ్యులర్ కాంటాక్టు బేరింగులు (స్క్రూ వెంబడి వచ్చే తోపుడును కూడా మోసేవి) జతగా ఉంటాయి, స్క్రూ చివరి లాక్ నట్టు వాటికి ప్రీలోడు ఇస్తుంది. బేరింగుకు రెండు పక్కలా ఉండాల్సిన రింగుల్లో ఒకటి పెట్టకపోతే లాక్ నట్టు వచ్చి మూతకో సీలుకో ఒత్తుకుంటుంది, స్క్రూ బ్రేకు వేసినట్టు తిరుగుతుంది. ఇది ఎక్కువగా కనిపించే తప్పు. రింగులు సరిగ్గా ఉన్నాక లాక్ నట్టుని స్క్రూ ముందూ వెనక్కూ కదిలే ఆట పోయేవరకు మాత్రమే బిగించి, దాని గ్రబ్ స్క్రూ బిగించండి. చౌక బీకేల్లో ఒక్కోసారి మామూలు 6001 బేరింగులు వస్తాయి. వాటిని ఎంత బిగించినా ఆట పూర్తిగా పోదు, బిగిస్తూ పోతే పట్టేస్తాయి. యాంగ్యులర్ కాంటాక్టు రకమైన 7001 జత కొని మార్చేయడమే పని.

రెండో చివర బీఎఫ్12లో స్క్రూ పొడవు వెంబడి కదలగలగాలి. స్క్రూ చివర సర్క్లిప్పు బేరింగును పట్టుకుంటుంది గానీ, ఆ బేరింగు గూడులో జారుతుండాలి. కొందరు రెండు చివర్లా బీకే పెట్టి "గట్టిగా ఉంటుంది" అనుకుంటారు. అల్యూమినియం మీటరుకు పది డిగ్రీలకు 0.23 మి.మీ. పెరుగుతుంది, ఉక్కు 0.12 పెరుగుతుంది. వేసవిలో మన రేకుల షెడ్డు ఉదయానికీ మధ్యాహ్నానికీ పదిహేను డిగ్రీలు తేడా చూపిస్తే రెండింటి మధ్య 0.15 మి.మీ.కి పైగా తేడా వస్తుంది, అదంతా బేరింగుల మీదే పడుతుంది. ఉదయం బాగా నడిచి మధ్యాహ్నం బిగుసుకునే మెషీన్లకు ముందు ఇదే చూడాలి.

స్క్రూ ఒంటరిగా బాగా తిరిగితే వరస కుదర్చడం మిగిలింది. మీకు అసలు పనికొచ్చేది ఇదే. రెండు స్క్రూల్లో ఒక్కోదాన్నీ విడిగా చేయండి, ఒకటి చేస్తున్నప్పుడు రెండోదాని నట్టు గ్యాంట్రీకి తగిలించకండి.

ముందు బీకే, బీఎఫ్‌లను ఫ్రేముకు పట్టే బోల్టులు నాలుగైదు మలుపులు వదలండి. నట్టు బ్రాకెట్టుకు గ్యాంట్రీ వైపు బోల్టులు తగిలించండి, కానీ బిగించకండి. నట్టు అంచును బ్రాకెట్టుకు పట్టే ఎం5 బోల్టులు కూడా వదులుగానే ఉండనివ్వండి. గ్యాంట్రీని బీకే వైపు, వెళ్లగలిగినంత దగ్గరకు తీసుకెళ్లండి. అక్కడ బ్రాకెట్టు గ్యాంట్రీకి ఆనే ముఖం చూడండి. సందు కనిపిస్తే ఫీలర్ గేజితో కొలిచి షిమ్ పెట్టాలి, బోల్టుతో లాగి మూయకూడదు. పై నుంచి చూసి పక్క దూరం సరిపోయిందనుకున్నాక ముందు నట్టు అంచు ఎం5 బోల్టులు, తర్వాత బ్రాకెట్టు, ఆఖర్న బీకే ఫ్రేము బోల్టులు బిగించండి. బిగించే ప్రతి బోల్టుకీ ఒకసారి స్క్రూని వేళ్లతో అర చుట్టు తిప్పి చూస్తుండండి. ఏ బోల్టు బిగించగానే తిరుగుడు బరువెక్కిందో ఆ ముఖం కిందే షిమ్ కావాలి. ఈ ఒక్క అలవాటు మీ సమయం చాలా కాపాడుతుంది.

తర్వాత గ్యాంట్రీని బీఎఫ్ చివరకు తీసుకెళ్లండి. నట్టు ఇప్పుడు కదలని ఆధారం, బీఎఫ్ దాన్ని వెతుక్కుంటూ రావాలి. బీఎఫ్ బోల్టులు వదులుగా ఉండగా స్క్రూ దాన్ని ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉంచి, ఎత్తు తేడాకు షిమ్ వేసి బిగించండి. వెనక్కి బీకే దగ్గరకు తెచ్చి మళ్లీ వేళ్లతో తిప్పండి. సాధారణంగా రెండో విడతలో కొంచెం సర్దాల్సి వస్తుంది. బీకే, బీఎఫ్ బోల్టు రంధ్రాల్లో పక్కకు జరిగే చోటు చాలకపోతే రౌండ్ ఫైలుతో అర మిల్లీమీటరు సాగదీయడం తప్పేమీ కాదు.

కొలిచి చూడాలంటే డయల్ గేజి బేసును గ్యాంట్రీ మీద పెట్టి, సూదిని స్క్రూ పై వెన్నుకు నట్టు పక్కనే తాకించి రెండు చివర్ల దగ్గరా చదవండి, తర్వాత పక్క నుంచి చదవండి. సూది గాడుల్లో పడి గెంతుతుంది కనుక మొన చదునుగా ఉన్నది వాడాలి. రెండు చివర్ల అంకెల మధ్య తేడా 0.1 లోపు ఉంటే ఇంటి మెషీన్‌కు చాలా బాగున్నట్టు.

ఇప్పుడు మోటారు కప్లింగు. మోటారు షాఫ్టు చివరకూ స్క్రూ చివరకూ మధ్య మిల్లీమీటరో రెండో సందు ఉండాలి. రెండూ ఒత్తుకుని ఉంటే స్క్రూ తోపుడు మోటారు బేరింగు మీద పడుతుంది. స్పైరల్ కోసిన అల్యూమినియం కప్లింగును రెంచితో గట్టిగా నొక్కి లైను కుదర్చవద్దు. అది స్ప్రింగులా తోస్తూనే ఉంటుంది, కొన్నాళ్లకు కోత మూల దగ్గర పగులుతుంది. గ్రబ్ స్క్రూ షాఫ్టు చదును మీద కూర్చుందో లేదో చూడండి, గుండ్రటి చోట కూర్చుంటే జారుతుంది. జారుడును స్టెప్పులు తప్పడమనుకుని రోజులు పోగొట్టుకునేవాళ్లున్నారు. షాఫ్టు మీదా కప్లింగు మీదా కలిపి మార్కరుతో ఒక గీత గీస్తే ఆ అనుమానం తీరిపోతుంది.

రెండు మోటార్లు, ఒక గ్యాంట్రీ

సొరుగును ఒక పక్క పట్టుకుని లాగితే అడ్డం తిరిగి ఇరుక్కున్నట్టే, ఒక పక్క మోటారు వెనకబడితే గ్యాంట్రీ ఇరుక్కుంటుంది. మీ మెషీన్లో ఇప్పటికే చాలాసార్లు స్టెప్పులు తప్పాయి కాబట్టి రెండు పక్కలూ ఇప్పుడు ఒకే చోట ఉన్నాయని నమ్మకూడదు. పైగా కరెంటు ఇచ్చిన ప్రతిసారీ స్టెప్పరు దగ్గర్లోని తన స్థానానికి ఒక్క ఉలికిపాటుతో వెళుతుంది. 1605 మీద అది ఒక్కో పక్క 0.05 మి.మీ. దాకా ఉండొచ్చు. జీఆర్‌బీఎల్‌లో ఆగాక మోటార్లను ఎంతసేపు పట్టుకోవాలో చెప్పే $1 విలువ 255 చేస్తే పని మధ్యలో మోటార్లు వదిలేయవు, గ్యాంట్రీ ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

రెండు కప్లింగులూ వదులుగా ఉండగా గ్యాంట్రీని చేత్తో చాలాసార్లు అటూ ఇటూ నడిపి మధ్యలో వదిలేయండి. రైళ్లు దాన్ని ఎలా నిలబెట్టాయో అదే దాని సహజ స్థితి. కరెంటు ఇచ్చి మోటార్లు పట్టుకున్నాక, ఆ స్థితిలోనే కప్లింగులు బిగించండి. అప్పుడు మూలమట్టం రాకపోతే? మోటార్లతో ఒక పక్క లాగి సరిచేయడం కనిపించినంత మంచి ఉపాయం కాదు. హెచ్‌జీ బ్లాకులు గట్టివి, లాగితే ఆ బలమంతా గుండ్ల మీదే నిలిచి ఉంటుంది. గ్యాంట్రీ అడ్డదూలాన్ని పక్క ప్లేట్లకు పట్టే బోల్టులు వదులు చేసి అక్కడ సరిచేయాలి.

ఎంత సరిచేయాలో తెలుసుకోవడానికి ఎండీఎఫ్ పలక మీద 600×800 దీర్ఘచతురస్రం నాలుగు మూలల్లో సన్నని రంధ్రాలు వేయించండి. మీ ఎక్స్ (అడ్డం వైపు) ప్రయాణం అంత లేకపోతే 450×600 వేయండి. కర్ణాలు రెండూ కొలవండి. సరిగ్గా ఉంటే 600×800కి రెండూ 1000, 450×600కి రెండూ 750. తేడా వస్తే దాన్ని 1.6తో భాగించండి, ఆ వెడల్పుకు గ్యాంట్రీ ఒక పక్క అంత ముందుకో వెనక్కో ఉంది. రెండు కొలతలకూ నిష్పత్తి ఒకటే కాబట్టి లెక్క మారదు. దూలం బోల్టులు వదులు చేశాక ఒక పక్కను ముందుకు జరపాలంటే 1605 స్క్రూ పదో వంతు చుట్టుకు అర మిల్లీమీటరు నడుస్తుంది.

అంతా కుదిరాక కూడా ఆగితే

త్రాసు అంకె నిలకడగా ఉంది, స్క్రూలు చేత్తో హాయిగా తిరుగుతున్నాయి, అయినా మోటారు తగిలించాక ఆగుతోంది. అప్పుడే కరెంటు వైపు చూడండి. రెండు వై డ్రైవర్ల అవుట్‌పుట్ వైర్లు, సప్లై ఆపి, ఒకదానికొకటి మార్చండి. తప్పు రెండో పక్కకు వెళితే డ్రైవరు, అదే పక్క ఉంటే మోటారు, వైరు, ప్లగ్గు. చుట్టలో ఒక వైరు వదులైతే మోటారు తిరగకుండా జ్వరం వచ్చినట్టు వణుకుతుంది. గుండ్రటి ప్లగ్గుల్లో సోల్డరు చేసిన పిన్ను దగ్గరే ఇది ఎక్కువ.

సెట్టింగుల్లో చూడాల్సినవి రెండే. ఎనిమిదో వంతు మైక్రోస్టెప్‌కి (ఒక్కో స్టెప్పును ఎనిమిది ముక్కలు చేయడం) చుట్టుకు 1600 పల్సులు, చుట్టుకు 5 మి.మీ. నడకకు $101 (వైలో మిల్లీమీటరుకు పల్సులు) విలువ 320. పదహారో వంతు పెట్టుకుంటే 640. యూనో మీద జీఆర్‌బీఎల్ సెకనుకు 30 వేల పల్సుల దగ్గర అలసిపోతుంది కాబట్టి 640తో నిమిషానికి 2800 మి.మీ. దాటగానే గోల మొదలవుతుంది. 320తో 5600 దాకా చోటుంది. మైక్రోస్టెప్ పెంచితే ఖచ్చితత్వం పెరుగుతుందన్న ఆశ ఈ మెషీన్లో నెరవేరదు, ఎనిమిదో వంతే ఉంచండి. రెండోది యాక్సిలరేషన్ (వేగం అందుకునే తీరు), $121. దాన్ని 50కి, గరిష్ఠ వేగం చెప్పే $111ని 1000కి దించి నడపండి. బాగా నడిస్తే మొదట వేగాన్ని, తర్వాత యాక్సిలరేషన్‌ని మెట్టు మెట్టుగా పెంచుతూ స్టెప్పులు తప్పే చోటు కనుక్కుని, అందులో 70 శాతం దగ్గర స్థిరపడండి. చెక్క కోసేటప్పుడు ఆ మిగిలిన 30 శాతం కట్టరుకు కావాలి.

కేబుల్ చెయిన్‌ను కూడా ఒక్కసారి తీసి పక్కన పెట్టి నడపండి. నీళ్ల గొట్టాలతో, స్పిండిలు కేబులుతో కిక్కిరిసిన చెయిన్ చివరి 100 మి.మీ.లో వంపు చాలక గ్యాంట్రీని వెనక్కి లాగుతుంది. అది చూడ్డానికి అచ్చంగా స్క్రూ తప్పులాగే ఉంటుంది, విప్పడానికి రెండు నిమిషాలు.

గ్రీజు సంగతి. కొత్తగా వచ్చిన చౌక బ్లాకుల్లో చాలాసార్లు ఉండేది తుప్పు పట్టకుండా పూసిన నూనె మాత్రమే, గ్రీజు కాదు. లిథియం గ్రీజు 2వ గ్రేడుది, సిరంజితో బ్లాకు నిపిల్ రంధ్రంలోకి ఎక్కించి, సీళ్ల అంచున సన్నగా బయటికి వచ్చేదాకా గ్యాంట్రీ నడపండి. మెకానిక్కు షాపులో అడిగితే ఇచ్చే 3వ గ్రేడు చిన్న బ్లాకులకు కాస్త చిక్కన, వేరేది దొరక్కపోతే సరే. డబ్ల్యూడీ-40 కడగడానికి, గ్రీజు స్థానంలో కాదు. రైలు పైన గ్రీజు పులిమి వదిలేస్తే ఎండీఎఫ్ పొట్టు అందులో కలిసి సాన ముద్ద అవుతుంది. లోపల గ్రీజు, బయట పొడి గుడ్డతో తుడిచిన రైలు, ఇదే కావలసింది.

ఇవన్నీ అయ్యాక కూడా 5 మి.మీ.కి ఒకసారి బిగువు మిగిలితే స్క్రూ వంకరే. దాన్ని తీసి మెషీన్ టేబులు మీద రెండు వీ బ్లాకుల (వీ ఆకారం గాడి ఉన్న దిమ్మల) మీద పెట్టి, మధ్యలో డయల్ గేజితో తిప్పి చూడండి. సూది మొత్తం ఊగిసలాట 0.1 దాకా ఉంటే మధ్యలో ఉన్నందువల్ల పెద్ద ఇబ్బంది లేదు. బేరింగు కూర్చునే చివర మాత్రం 0.05 దాటితే కప్లింగు ఎంత మంచిదైనా దాన్ని దాచలేదు. సుత్తితో తిన్నగా చేద్దామనుకోకండి. గాడి పై పొర గట్టిపరిచిన ఉక్కు, వంచితే కంటికి కనబడని పగుళ్లు పడతాయి. చివర మాత్రమే వంకరైతే మంచి లేత్ పనివాడు దాన్ని తీసేసి కాస్త లోపలికి కొత్త చివర మలిచి ఇవ్వగలడు. 900 మి.మీ. స్క్రూలో 40 మి.మీ. పోయినా మీ ప్రయాణానికి సరిపోతుందో లేదో ముందే కొలుచుకోండి. మధ్యలో వంకరైతే కొత్త స్క్రూ, దాంతోపాటు వచ్చే కొత్త నట్టు వేయాల్సిందే.